గొలుసుకు వదిలేసిన పెద్ద కుక్కకు కొత్త ఇల్లు వెతకడం ఎలా

డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన రెండు గజాల గొలుసు, దాని చివర ఒక జర్మన్ షెపర్డ్. నలభై కిలోలు తూగాల్సింది ముప్ఫై తూగుతోంది. పిల్లలు ముచ్చటపడ్డారని కొన్నారు. పిల్లలు కాలేజీకి వెళ్లారు, కుక్క డాబా మీదికి వెళ్లింది. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌసుల్లోనూ ఇలాంటివే కనిపిస్తాయి. అక్కడ షెపర్డ్‌కు బదులు రాట్‌వీలరో గ్రేట్ డేనో ఉంటుంది, ట్యాంకుకు బదులు గేటు.

ఇలాంటి కుక్క మీ కంటపడి, దానికో ఇల్లు చూడాలనుకుంటే ముందుగా కాలం లెక్క వేసుకోండి. తెచ్చిన రోజు నుంచి ఇచ్చే రోజు దాకా రెండున్నర, మూడు నెలలు పడుతుంది. చిన్న కుక్కను వారంలో ఇచ్చేయొచ్చు. బక్కచిక్కిన పెద్ద కుక్కను వారంలో ఇస్తే నెలలో తిరిగొస్తుంది. కాబట్టి ఆ మూడు నెలలు అది ఎక్కడ ఉంటుంది, మందుల ఖర్చు ఎవరిది, మీరు ఊరెళితే ఎవరు చూస్తారు అన్నవి తేల్చుకున్నాకే గొలుసు మీద చెయ్యి వేయండి. కింద ఇచ్చిన లెక్కలన్నీ ఈ ముప్ఫై కిలోల కుక్కకు వేసినవే. మీ కుక్క బరువును బట్టి మార్చుకోండి.

1. కాగితం లేకుండా తీసుకురావద్దు

రాత్రిపూట గొలుసు తెంచి తెచ్చేస్తే చట్టం దృష్టిలో అది దొంగతనం. కుక్క కోలుకుని నిగనిగలాడుతున్న రెండో నెలలో పాత యజమాని వచ్చి "నా కుక్క నాకివ్వండి" అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

ముందు వాచ్‌మన్‌తో మాట్లాడండి. "అన్నా, దీనికి అన్నం ఎవరు పెడతారు, ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?" అని అడిగితే సంగతంతా బయటికొస్తుంది. తర్వాత యజమాని దగ్గరికి వెళ్లండి. "మీ కుక్క చచ్చిపోయేట్టుంది సార్" అని మొదలుపెడితే మాట అక్కడే తెగుతుంది. "మీకు పనులు ఎక్కువైనట్టున్నాయి సార్. పెద్ద కుక్కను చూసుకునే మనిషి దొరకడం కష్టమే. మంచి ఇల్లు మేం వెతికిపెడతాం, ఖర్చులు కూడా మావే" అనండి. చాలామందికి లోపల తప్పు చేస్తున్నామనే ఉంటుంది. పరువు పోకుండా బయటపడే దారి చూపిస్తే సంతకం పెట్టేస్తారు.

తెల్ల కాగితం చాలు. కుక్క జాతి, రంగు, మగో ఆడో, సుమారు వయసు, గుర్తుపట్టే మచ్చలు రాయించండి. "ఈ కుక్కపై నా హక్కులన్నీ నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను, ఇకపై దీన్ని తిరిగి అడగను" అనే మాట తప్పనిసరి. తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు, ఆధార్ కార్డు నకలు ఉండాలి. టీకాల పుస్తకం, జాతిని చూపించే కెన్నెల్ క్లబ్ పేపర్లు ఉంటే అప్పుడే అడిగి తీసుకోండి. అవి మీ దగ్గరే ఉండాలి, కొత్తవాళ్లకు ఇవ్వొద్దు. ఎందుకో నాలుగో అంచెలో చెబుతాం.

యజమాని మొండికేస్తే చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం చాలా పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో అదేపనిగా కట్టేసి ఉంచడం, తిండీ నీరూ నీడా ఇవ్వకపోవడం, కారణం లేకుండా వదిలేయడం నేరాలు. తేదీ కనిపించేలా వారం పది రోజుల పాటు ఫొటోలు, వీడియోలు తీసి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అయితే ఆ చట్టంలో మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇవాళ ఆ డబ్బుకు ప్లేటు ఇడ్లీ కూడా అనుమానమే. పైగా కేసు నమోదైతే కుక్క కేసు ఆస్తి అవుతుంది, కోర్టు చెప్పేదాకా దాన్ని ఎవరికీ దత్తత ఇవ్వలేరు. అందుకే ఫిర్యాదును ఆఖరి అస్త్రంగా దాచుకుని, మంచిమాటతో కాగితం తెచ్చుకునే దారినే ముందు చూడాలి.

2. తీసుకొచ్చే రోజు

ఎండాకాలమైతే తెల్లవారుజామునో పొద్దుగూకాకో కదలండి. కారు వెనక సీటు మీద పాత దుప్పటి పరవండి. మెడకు ఒక బెల్టు, ఒంటికి ఒక హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీలు), రెంటికీ విడివిడిగా తాళ్లు ఉండాలి. నెలల తరబడి కట్టేసిన కుక్క స్వేచ్ఛ దొరికిన మొదటి నిమిషంలోనే వెనక్కి గుంజుకుని బెల్టులోంచి తల లాగేసుకుంటుంది. రెండో తాడు ఆ నిమిషం కోసమే.

బెల్టు పెట్టేముందు మెడ చుట్టూ వేళ్లతో తడిమి చూడండి. కూనగా ఉన్నప్పుడు కట్టిన తాడు మారకుండా ఉండిపోతే చర్మంలోకి దిగిపోయి ఉంటుంది. దుర్వాసన, తడి తగిలితే అనుమానించండి. దాన్ని మీరు లాగొద్దు, మత్తు ఇచ్చి డాక్టరే తీయాలి. పురుగులు పట్టిన పుండు మీద పెట్రోలు, ఫినాయిలు పోయడం ఊళ్లలో ఇంకా చూస్తుంటాం. పురుగులు చస్తాయేమో కానీ చర్మం కాలిపోతుంది, నాకితే విషం కడుపులోకి పోతుంది.

కరిచిందా, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. కుక్కను పదిరోజులు గమనిస్తూ ఉండాలి. తరచూ ఈ పని చేసేవాళ్లు ముందస్తు టీకాలు వేయించుకుని ఉండటం మేలు.

ఉంచే చోటుకు రెండు తలుపులుండాలి. ఒకటి తెరిచినప్పుడు ఇంకోటి మూసి ఉండాలి. కాంపౌండు గోడ ఆరడుగులకు తగ్గితే దొడ్లో ఒంటరిగా వదలొద్దు. బరువైన కుక్క గచ్చు మీద పడుకుని పడుకుని మోచేతుల దగ్గర చర్మం కాయ కాసి ఉంటుంది, కొన్నిటికి చీము పట్టి ఉంటుంది. పాత పరుపు మీద గోనెసంచి వేసి ఇవ్వండి. మొదటి రాత్రి అది పరుపు వదిలేసి గచ్చు మీదే పడుకుంటుంది. పరుపు మాత్రం తీయొద్దు, మూడో నాలుగో రాత్రికి అదే ఎక్కుతుంది.

మొదటి నాలుగు రోజుల తిండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఎక్కువ ప్రమాదం ఇక్కడే ఉంది.

ఎముకలు బయటపడ్డ కుక్కను తెచ్చామంటే మన ఇళ్లలో మొదట చేసే పని గిన్నెడు పెరుగన్నం కలిపి పెట్టడం. అది ఆవురావురుమని తింటుంది, చూసేవాళ్లకు కడుపు నిండుతుంది. రెండో రోజుకో మూడో రోజుకో కుక్క కూలబడిపోతుంది. జరిగేదేమిటంటే, చాలాకాలం ఆకలితో ఉన్న ఒళ్లు సొంత కొవ్వు కరిగించుకుంటూ బతుకుతుంది. హఠాత్తుగా అన్నం పడగానే ఇన్సులిన్ ఉప్పెనలా వస్తుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి లాగేసుకుపోతాయి. గుండె, ఊపిరి కండరాలు దెబ్బతింటాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు.

కాబట్టి మొదట అన్నం, రొట్టె, సంకటి వద్దు. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని ఉడికించిన కోడిమాంసం పెట్టండి. ఉప్పు, కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. ముప్ఫై కిలోల కుక్క కదలకుండా పడుకోవడానికి రోజుకు సుమారు 900 కేలరీలు కావాలి. మొదటి రోజు దానిలో నాలుగో వంతు, అంటే ఒక గుడ్డు, 90 గ్రాముల కోడిమాంసం పెట్టాలి. రెండో రోజు సగం, అంటే రెండు గుడ్లు, 180 గ్రాములు. మూడో రోజు ముప్పాతిక, మూడు గుడ్లు, 270 గ్రాములు. నాలుగో రోజు పూర్తి లెక్క, నాలుగు గుడ్లు, 360 గ్రాములు. ఏ రోజు తిండినైనా ఆరు పూటలుగా పంచండి. మొదటి రోజు ఒక్కో పూటకు వచ్చేది రెండు చెంచాలే. అది మీ మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు "పాపం, ఇంకాస్త వెయ్యండర్రా" అంటారు. వేయొద్దు.

వెన్నెముక, తుంటి ఎముకలు దూరం నుంచే కనిపించేంత చిక్కిన కుక్కకు ఈ లెక్క. పక్కటెముకలు మాత్రం కాస్త కనబడుతుంటే ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు. వాంతులు, తూలడం, వణుకు కనిపిస్తే ఈ లెక్కలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. నీళ్లు బకెట్‌తో పెట్టొద్దు. ఒకేసారి తాగేసి కక్కుతుంది. అరలీటరు చొప్పున అరగంటకోసారి ఇవ్వండి, దాహం తీరాక గిన్నె నిండుగా ఉంచండి.

అయిదో రోజు నుంచి డ్రై ఫుడ్ కొద్దికొద్దిగా కలుపుతూ రెండు వారాల్లో పూర్తిగా మార్చండి, పూటలు నాలుగుకు తగ్గించండి. కోలుకున్నాక కూడా పెద్ద కుక్కకు రోజు తిండి ఒకేపూట పెట్టకూడదు. రెండు మూడు పూటలుగా ఇచ్చి, తినడానికి ముందూ తర్వాతా గంటసేపు పరుగులు ఆపించండి. గ్రేట్ డేన్, షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ కుక్కలకు పొట్ట ఉబ్బి మెలితిరిగిపోయే జబ్బు వస్తుంది. కక్కబోతుంది కానీ ఏమీ రాదు, పొట్ట డోలులా బిగుసుకుంటుంది, ఒకచోట నిలవదు. అది తెల్లారేదాకా ఆగే సంగతి కాదు, గంటల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రి తెరిచి ఉండే, ఆపరేషన్ చేసే ఆసుపత్రి మీ ఊళ్లో ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి.

3. డాక్టరు దగ్గర ఏం అడగాలి

"జనరల్ చెకప్ చేయండి" అంటే ఒక విటమిన్ ఇంజెక్షన్‌తో పంపేస్తారు. ఏం కావాలో మీరే అడగండి. సీబీసీ (రక్తకణాల లెక్క), అందులో ప్లేట్‌లెట్లు. పిడుదుల జ్వరం కోసం రక్తపు చుక్క స్లైడు లేదా ర్యాపిడ్ టెస్టు. కాలేయం, కిడ్నీ పరీక్షలు. గుండెలో చేరే పురుగుకు హార్ట్‌వార్మ్ పరీక్ష. చర్మం ఊడుతుంటే గీకి చూసే పరీక్ష. కుంటుతున్నా, లేచేటప్పుడు వెనక కాళ్లు ఈడుస్తున్నా తుంటి ఎక్స్‌రే. షెపర్డ్, లాబ్రడార్, రాట్‌వీలర్‌లలో తుంటి కీలు లోపం మామూలు, రాబోయే ఇంటివాళ్లకు అది ముందే తెలియాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఖర్చు తక్కువ. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.

పిడుదుల జ్వరం మన దగ్గర కట్టేసిన కుక్కల్లో చాలా తరచుగా తేలుతుంది. చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్ర చుక్కలు దాని గుర్తులు. పిడుదులు అంటించే ఎర్లికియా అనే క్రిమి అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున, అంటే ఈ కుక్కకు రోజుకు 300, నాలుగు వారాలు రాస్తారు. ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది, తిండిలో పెట్టి వేసి పైన నీళ్లు తాగించండి. పదోరోజుకు కుక్క హుషారుగా తోక ఊపుతుంది, అందరూ అక్కడే మందు ఆపేస్తారు. కొన్నాళ్లకు, సరిగ్గా కొత్త ఇంటికి వెళ్లాక, జ్వరం తిరగబెడుతుంది. క్యాలెండరు మీద 28 గళ్లు గీసుకుని కొట్టుకుంటూ పోండి.

పిడుదులకు బరువును బట్టి ఇచ్చే నమిలే బిళ్లలున్నాయి. నెక్స్‌గార్డ్ నెలకొకటి, బ్రవెక్టో పన్నెండు వారాలకొకటి. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ముందే డాక్టరుకు చెప్పండి. గేదెలకు కొట్టే పిడుదుల మందు చవకని కలిపి పోయొద్దు, నీరసంగా ఉన్న కుక్క వణికి పడిపోతుంది. నులిపురుగుల మాత్ర పది కిలోలకు ఒకటి, అంటే మూడు, రెండు మూడు వారాలకు మరోసారి. టీకాల పుస్తకం లేకపోతే అసలు వేయలేదనే అనుకోండి. కలిపి వచ్చే టీకా రెండు డోసులు, మూడు నాలుగు వారాల తేడాతో. రేబిస్ ఒకటి, తర్వాత ఏటా. జ్వరంతో ఉన్నప్పుడు టీకా వేయించొద్దు.

గజ్జి గురించి ఒక మాట. డెమోడెక్స్ రకం గజ్జి ఇతర కుక్కలకు అంటదు, సార్కోప్టిక్ గజ్జి మీకూ అంటుతుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని ముద్దులాడకండి.

4. ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, తర్వాతే ఫొటో

దీన్ని తలకిందులు చేసేవాళ్లే ఎక్కువ. జాతి కుక్క ఫొటో పెట్టగానే వచ్చే మొదటి ఫోన్లలో సగం "పేపర్లున్నాయా?", "మేటింగ్ అయిందా?" అనే ఉంటాయి. వాళ్లకు కావాల్సింది కుక్క కాదు, కూనలు. ఆడకుక్కయితే ఇక చెప్పక్కర్లేదు, గొలుసు నుంచి పంజరానికి మారుతుంది అంతే. ప్రకటనలో "ఆపరేషన్ అయింది, పేపర్లు ఇవ్వం" అని రాస్తే ఆ ఫోన్లు రావు.

బరువు పెరిగి, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాకే స్టెరిలైజేషన్ చేయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. పిడుదుల జ్వరం తగ్గకుండా కోస్తే రక్తం ఆగదు. కుట్లు పది పద్నాలుగు రోజుల్లో తీస్తారు, అప్పటిదాకా మెడకు వేసిన ప్లాస్టిక్ గరాటు తీయొద్దు. అదే మత్తులో మైక్రోచిప్ కూడా వేయించండి. పదిహేను అంకెల నంబరు టీకాల పుస్తకంలో అంటించి ఉండాలి. చిప్ వేసి నమోదు చేయకపోతే అది చర్మం కింద బియ్యపుగింజ, అంతకుమించి ఏమీ కాదు.

5. స్వభావం రాసిపెట్టుకోండి

మొదటి రెండు వారాల్లో కనిపించేది నిజమైన స్వభావం కాదు. కొన్ని భయంతో బొమ్మలా ఉంటాయి, అందరూ "ఎంత సాధువో" అంటారు. కొన్ని గేటు దగ్గర భీకరంగా మొరుగుతాయి. పారిపోయే వీల్లేక మొరగడమే నేర్చుకున్నాయి, గొలుసు పోయిన నెలకు అందులో చాలా తగ్గుతుంది. మూడో వారం నుంచి తేదీ వేసి నోట్‌బుక్కులో రాయండి. కొత్త మగవాళ్లు, హెల్మెట్, చీపురు, వీధికుక్కలు, పిల్లి, లిఫ్టు, ఒంటరిగా రెండు గంటలు... వీటిలో ఒక్కొక్కదానికీ ఏం చేసిందో రాయాలి. "బాగానే ఉంది" అని కాదు, "పాలబ్బాయిని చూసి పది అడుగుల దూరంలో గుర్రుమంది, అతను ఆగితే తనూ ఆగింది" అని.

తిండి గిన్నెలో చెయ్యి పెట్టి పరీక్షించడం మూర్ఖత్వం. ఆకలి తెలిసిన కుక్క గిన్నెను కాచుకుంటుంది. రెండు మీటర్ల దూరంలో నిలబడి గిన్నెలోకి కోడిముక్క విసిరి వెళ్లిపోండి. రోజూ అలా చేస్తే, మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుంది అని దానికి అర్థమవుతుంది. అయినా గుర్రుమంటుంటే అది ప్రకటనలోకి ఎక్కాలి. చిన్నపిల్లల్ని తెచ్చి "ముట్టుకో బంగారం" అని చూడొద్దు.

ఈలోపు మూడు విషయాలు నేర్పండి. ఒకటి, లాగకుండా నడవడం. పెద్ద కుక్కలు తిరిగి రావడానికి కాటు కంటే ఎక్కువ కారణం ఇదే, ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు పట్టుకోలేకపోవడం. ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ వేసి, లాగిన ప్రతిసారీ చెట్టులా ఆగిపోండి. తాడు వదులైతేనే కదలండి. మొదటి వారం వీధి చివరిదాకా వెళ్లడానికే అరగంట పడుతుంది.

రెండు, మూతికి చిక్కం. గుడ్డతో బిగించేది కాదు, నోరు తెరిచి రొప్పగలిగే, నీళ్లు తాగగలిగే బుట్ట రకం. లోపల గడ్డపెరుగు రాసి పట్టుకుంటే మూతి అదే పెడుతుంది. నాలుగు రోజులు అలా నాకనివ్వండి, కట్టొద్దు. తర్వాత అయిదు సెకన్లు కట్టి విప్పండి, ఇంకో వారంలో అయిదు నిమిషాలకు చేర్చండి. చిక్కం అలవాటైన కుక్క ఆసుపత్రికీ లిఫ్టుకూ గొడవ లేకుండా వెళ్తుంది.

మూడు, మలమూత్రాలు. డాబా మీద పెరిగినది నిల్చున్నచోటే పోస్తుంది, గచ్చుకూ మీ హాలు టైల్సుకూ తేడా తెలీదు. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మట్టిలోకి తీసుకెళ్లి, అక్కడ పోస్తే వెంటనే ముక్క పెట్టండి. ఇంట్లో పోస్తే కొట్టొద్దు, కొడితే సోఫా వెనక పోయడం నేర్చుకుంటుంది.

6. ప్రకటన

పుండ్ల ఫొటో మొదట పెడితే జాలి వస్తుంది, "అయ్యో" అని వందమంది రాస్తారు, ఇంటికి మాత్రం ఎవరూ రారు. పొద్దుటి వెలుతురులో, కుక్క కంటి ఎత్తులో వంగి, నోరు తెరిచి నాలుక వేలాడేసినప్పుడు తీయండి. ఇంకోటి మనిషి పక్కన నిలబెట్టి, సైజు తెలిసేలా. మూడోది తాడుతో నడుస్తున్న ఇరవై సెకన్ల వీడియో.

రాత ఇలా ఉంటే సరిపోతుంది: "భీముడు. జర్మన్ షెపర్డ్, మగ, సుమారు అయిదేళ్లు, 37 కిలోలు. ఆపరేషన్, టీకాలు, చిప్ అయ్యాయి. పేపర్లు ఇవ్వం. తాడుతో బాగా నడుస్తాడు, వీధికుక్కల్ని చూస్తే లాగుతాడు. గిన్నె దగ్గర ఎవరైనా వస్తే గుర్రుమంటాడు కాబట్టి పన్నెండేళ్లలోపు పిల్లలున్న ఇంటికి, పిల్లులున్న ఇంటికి ఇవ్వం. లిఫ్టు అలవాటు. రెండుపూటలా నడక కావాలి. కట్టేసే ఇంటికి, ఫామ్‌హౌస్ కాపలాకు ఇవ్వం. హైదరాబాద్ పరిసరాల్లో మాత్రమే, ఇల్లు చూశాకే."

"ఫ్రీ" అన్న మాట రాయకండి. పాత యజమాని పేరు, వీధి కూడా వద్దు.

7. ఫోనులో, ఆ తర్వాత గడపలో

మొదటి ఫోను పావుగంట. ప్రశ్నలకంటే వాళ్లను మాట్లాడనివ్వడం మేలు. "మీ ఇంతకుముందు కుక్క ఏమైందండీ?" అని అడిగి ఊరుకోండి. "ఎవరికో ఇచ్చేశాం" అన్న జవాబు వస్తే ఎందుకో తెలిసేదాకా ముందుకు పోవద్దు.

మన ఇళ్లకు ప్రత్యేకమైన ప్రశ్నలు కొన్ని. అత్తగారూ మామగారూ కలిసి ఉంటారా, వాళ్లకు ఇష్టమేనా? మడీ ఆచారం పాటించే వంటిల్లు ఉండి, వాళ్లకు ఇష్టం లేకపోతే ఆరు నెలల్లో కుక్క మళ్లీ డాబా ఎక్కుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ముందే అడగకపోవడం మాత్రం మన తప్పు. శాకాహారులైతే డ్రై ఫుడ్ కొంటారా? కోలుకుని 37 కిలోలకు చేరిన కుక్కకు రోజుకు సుమారు 400 నుంచి 450 గ్రాములు, నెలకు 12 నుంచి 13.5 కిలోలు. ఆ ఖర్చు వాళ్లనే లెక్కవేయమనండి. అద్దె ఇల్లయితే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. సొంత ఫ్లాటైతే అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించలేదని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది. అయినా పక్క ఫ్లాటువాళ్లతో రోజూ గొడవపడే ఓపిక వీళ్లకుందా అన్నది వేరే సంగతి.

ఇంకోటి, ఆన్‌సైట్. "ఏడాదిలో అమెరికా వెళ్లే అవకాశం ఉందా? వెళ్తే కుక్క?" 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు బిగిశాయి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి మైక్రోచిప్, ధ్రువీకరించిన రేబిస్ టీకా పత్రం, రక్తపరీక్ష, అక్కడ దిగగానే నమోదైన కేంద్రంలో తనిఖీ ఉంటాయి. "తీసుకెళ్తాంలెండి" అని తేలిగ్గా అనేవాళ్లకు ఇది చెప్పి మొహం చూడండి.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మొత్తం కుటుంబం ఉండే వేళ వెళ్లండి. గేటు కింద సందు, బాల్కనీ గ్రిల్లు, గోడ ఎత్తు చూడండి. "రాత్రి ఎక్కడ పడుకుంటుంది?" అని ఇంటాయన్ని కాదు, పిల్లల్నో పనిమనిషినో అడగండి. ఇంకో కుక్క ఉంటే దాని నీళ్ల గిన్నె చూడండి, పాచి పట్టి ఉందా, కడిగి ఉందా. మెట్ల కింద గచ్చులో కొత్తగా దిగ్గొట్టిన ఇనుప కొక్కెం కనిపిస్తే టీ తాగి వచ్చేయండి.

8. ఇవ్వడం, ఆ తర్వాత

మూడు వారాల పరీక్షాకాలం పెట్టండి. ఆ తర్వాతే అంగీకారపత్రం. అందులో ఉండాల్సినవి: రోజంతా కట్టేయకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, కుదరకపోతే మీకే తిరిగి ఇవ్వాలి, ఏటా టీకాలు, మీరు చూడటానికి రావచ్చు. గుర్తింపు కార్డు నకలు జతచేయండి. మున్సిపాలిటీ రిజిస్ట్రేషన్, చిప్ వివరాలు వాళ్ల పేరుకు మార్చడం ఆ రోజే అయిపోవాలి. రాట్‌వీలర్ లాంటి జాతి అయితే స్థానికంగా అదనపు షరతులేమైనా ఉన్నాయో మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి.

రోజు ఎంచుకోవడం కూడా పనే. దీపావళి వారం, వినాయక నిమజ్జనం డప్పుల రోజులు వద్దు. కొత్త ఇంట్లో మొదటి టపాసుకు గోడ దూకిన కుక్క ఇంటికి తిరిగి రాలేకపోతుంది, ఇల్లు ఎక్కడో దానికింకా తెలీదు కాబట్టి. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ అయితే ఎండాకాలంలో దూరాలకు పంపకండి. రెంటచింతల, రామగుండం ఎండలకు వాటి బొచ్చు సరిపడదు, ఏసీ గది ఉంటేనే మాట. రైల్లో పంపాల్సివస్తే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో ఇంత పెద్దది ఇరుక్కుపోతుంది. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి. హైదరాబాద్, విజయవాడ మధ్య అయితే రాత్రి కారే నయం, బయల్దేరే ముందు అయిదారు గంటలు తిండి పెట్టకుండా.

కుక్కతోపాటు దాని పరుపు ఉతక్కుండా ఇవ్వండి, వాసన కోసం. పదిరోజుల తిండి, చిక్కం, హార్నెస్, మీ నోట్‌బుక్కు కూడా. కొత్త తిండికి మారాలంటే నాలుగోవంతు చొప్పున వారం పదిరోజుల్లో మార్చమనండి. మొదటి మూడు రోజులు చుట్టాల్ని పిలవొద్దని, స్నానం చేయించొద్దని గట్టిగా చెప్పండి. తినకపోయినా, మంచం కింద దూరినా వదిలేయమనండి.

మొదటి రోజు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు, మూడు నెలలకు ఫోను చేయండి. ఫొటో కాదు, నడుస్తున్న వీడియో అడగండి. మెడ దగ్గర బొచ్చు అరిగిపోయి ఉంటే కట్టేస్తున్నారని అర్థం. తప్పిపోయిందని ఫోను వస్తే వెంటపడి తరమొద్దని చెప్పి, ఉతకని పరుపు గేటు బయట పెట్టించి, మీరు అదే రాత్రి వెళ్లండి. మీ గొంతు తెలుసు దానికి.

తిరిగొస్తే వాళ్లను తిట్టకండి. తిడితే ఇంకోసారి ఎవరూ మీకు చెప్పకుండా రోడ్డు మీద వదిలేస్తారు. ఏ గంటకు ఏం జరిగిందో కూర్చోబెట్టి అడిగి నోట్‌బుక్కులో రాయండి. వారం రోజులు కుక్కను దాని మానాన ఉండనివ్వండి, ప్రకటనలో ఆ ఒక్క వాక్యం మార్చి మళ్లీ ఆరో అంచె నుంచి మొదలుపెట్టండి.